గాలికొండ రేవులో మూడో ప్రశ్న

నమోదు 1
ముసురు. ఓడలు రాలేదు. సెల్లు గోరువెచ్చగా ఉంది. దీపం వెలుగుతోంది.

నా భార్య పైడితల్లి నిన్న మధ్యాహ్నం పోయింది.

పొద్దున ఆస్పత్రి మంచం మీద లేచి గంజి అడిగింది. రెండు గుక్కలు తాగి చాలంది. జ్వరం వచ్చి అప్పటికి వారం దాటింది. డాక్టరు గారు వచ్చి ఊపిరితిత్తులు విన్నారు. నన్ను వరండాలోకి పిలిచి, ఇంక మందులు మార్చి లాభం లేదన్నారు. నేను లోపలికి వెళ్లి మంచం పక్కన కూర్చున్నాను. ఆ కిటికీలోంచి గాలిఓడలు కట్టే రేవు స్తంభం కనిపిస్తుంది. ఏ ఓడ వచ్చిందని అడిగింది. ఈ ముసురులో ఓడలు రావని చెప్పాను.

"రాకపోతే మంచిదే. తనిఖీ బల్ల దగ్గర జమునకి కాస్త ఊపిరాడతాది" అంది.

తర్వాత నిద్రపోయింది. ఆ నిద్రలోనే ఊపిరి ఆగింది.

గుండె ఆగలేదు. దాన్ని ఏడేళ్లుగా ఆడిస్తున్నది ఛాతీలో పెట్టిన సెల్లు. ఊపిరితో దానికి పని లేదు. డాక్టరు గారు కళ్లు చూసి, ముక్కు దగ్గర అద్దం పెట్టి చూసి, పోయిందని చెప్పాక కూడా నా వేళ్ల కింద నాడి కొట్టుకుంటూనే ఉంది. రోజూ ఎలా కొట్టుకుంటుందో అలాగే.

తీసెయ్యమంటారా అని ఆవిడ అడిగారు. కాసేపు ఆగమన్నాను. ఆగారు. తర్వాత సరేనన్నాను. చిన్న గాటు పెట్టి తీశారు. నాడి ఆగింది.

సెల్లు బొటనవేలంత ఉంటుంది. ఒంట్లోంచి తీసినా అది పని మానదు. దాని కరెంటును ఏదో ఒకటి వాడుకుంటూ ఉండాలి. లేకపోతే తనలో తాను వేడెక్కి చివరికి మండుతుంది. అందుకని తీసిన వెంటనే ఒక చిన్న దీపం తగిలిస్తారు. ఆస్పత్రి వాళ్లు ఇసుక గోతిలో పాతిపెడతామన్నారు. ప్రమాదకరమైన సరుకులు పట్టుకోవడానికి నాకు లైసెన్సు ఉంది కాబట్టి ఇంటికి తెచ్చుకునే హక్కు ఉంది. తెచ్చుకున్నాను.

సెల్లు ఇంట్లో ఉంచుకున్నవాళ్లు రోజూ దాని వేడి చూసి రాసిపెట్టాలన్నది నిబంధన. ఈ రాత అందుకే. వేడి తప్ప మరేదీ రాయనక్కర్లేదు. కానీ పుస్తకంలో చాలా చోటుంది.

సాయంత్రం దహనం అయింది. వాన ఆగింది.


నమోదు 2
ఎండ. సెల్లు గోరువెచ్చన.

డ్యూటీకి వెళ్లాను. సూపరింటెండెంటు పట్నాయక్ గారు సెలవు తీసుకోమన్నారు. ఇంట్లో చేసేదేమీ లేదన్నాను. 

కొండ మీదికి ఏది రావాలన్నా, కిందికి ఏది పోవాలన్నా గాలిఓడే. ఓడ కడుపు నిండా హైడ్రోజన్. ఒక్క నిప్పురవ్వ చాలు. కాబట్టి ఎక్కే ప్రతి మూటా ముందు మా తనిఖీ బల్ల మీదికి రావాలి. మూడు ప్రశ్నలు అడుగుతాం. లోపల ఏముంది? ఎవరు కట్టారు? చెప్పనిది ఇంకేమైనా ఉందా? మూడింటికీ జవాబు వచ్చాకే చీటీ అంటిస్తాం. మూట కట్టినవాళ్లు దాన్ని తనిఖీ చేయకూడదు. తనిఖీ చేసినవాళ్లు ఎక్కించకూడదు.

ఇవాళ నాతో బల్ల దగ్గర కిల్లో జమున ఉంది. పైడితల్లి దగ్గర నేర్చుకున్నవాళ్లలో చివరి పిల్ల. పొద్దుటినుంచీ నా మొహం చూడకుండా పని చేసింది. ఒక ముసలావిడ చీర కొంగులో కర్పూరం కట్టుకుని తెచ్చింది. మూడో ప్రశ్నకు బయటపడింది. జమున తీసి పక్కన పెట్టింది.

"ఓలమ్మో, దేవుడికి ఎలిగించే కప్పురం కూడా మీకు బాంబునాగ కనపడతందేటి" అంది ముసలావిడ.

"దేవుడు నేల మీదుంటాడు కదా అవ్వా. ఓడ గాల్లో ఉంటాది" అంది జమున.

వరసలో ఉన్నవాళ్లు నవ్వారు. ముసలావిడ కూడా నవ్వింది. నాకూ నవ్వు వచ్చింది. ఇంటికి వెళ్లి చెప్పాలనుకున్నాను. మధ్యాహ్నం దాకా ఆ అనుకోవడం పోలేదు.


నమోదు 3
ఎండ. గోరువెచ్చన. రాయడానికేమీ లేదు.


నమోదు 4
మబ్బు. గోరువెచ్చన.

రోజూ మధ్యాహ్నం కింది రేవుల నుంచి వైర్‌లెస్‌లో గాలి కబురు వస్తుంది. ఎస్.కోట రేవు నుంచి చెప్పేది గౌరీశు. అతని గొంతు తప్ప మొహం తెలియదు. గాలి ఎటు వీస్తోందో చెప్పి, ఊరికే వదలడు. "మా గాలి బుద్ధిమంతురాలే మాస్టారూ, మీ కొండ మీదికొచ్చాకే పాడైపోతంది" లాంటిదేదో అంటాడు. ఇవాళ గాలి చెప్పి ఆగాడు. లైను కలిసే ఉంది.

"మాస్టారూ, పైడమ్మ గారి సెల్లు ఏటి సేసినారు?"

ఇంట్లో ఉందని చెప్పాను.

"ఇసకలో పాతీలేదా?"

లేదన్నాను.

"మా దమయంతిదీ అదే కంపెనీ, అదే సైజు" అన్నాడు.

దమయంతి అతని భార్య. ఎస్.కోటలో ఓడలకు తాళ్లు కట్టే పని. వేసవి నుంచి ఆమె సెల్లు బలహీనపడుతోందని విన్నాను. సముద్రం మీంచి కొత్త సెల్లులు రావడం మానేశాయి. పోయినవాళ్ల సెల్లు బాగుంటే బతికున్నవాళ్లకు పెడుతున్నారు. అందులో తప్పు లేదు, మా కొండ మీద డాక్టరు గారే నలుగురికి పెట్టారు. కానీ ఒక ఒంట్లోంచి తీసిన సెల్లు ఓడ ఎక్కడానికి వీల్లేదు. దమయంతి ఓడెక్కి పైకి వచ్చే స్థితిలో లేదు. ఈ ఎత్తును ఆమె గుండె తట్టుకోదు.

నిబంధన చెప్పాను.

"తెలుసు మాస్టారూ. తెలిసే అడిగినాను" అన్నాడు.

ఇంటికి వచ్చి దీపం ముందు కూర్చున్నాను. చిన్న వెలుగు. పగటిపూట సరిగా కనిపించదు, చేయి అడ్డం పెడితే తెలుస్తుంది. ఆమె బట్టలు ఇంకా తాడు మీదే ఉన్నాయి. మడత పెట్టాను.


నమోదు 6
ముసురు. గోరువెచ్చన. నిన్న వేడి చూశాను కానీ రాయలేదు. అంకె రోజుది, అందుకని అయిదు వదిలేశాను.

కొత్తగా చేరినవాళ్లకు ఇవాళ పాఠం. మా పనిలో ఎవరైనా రెండేళ్లకోసారి మళ్లీ కూర్చుని నేర్చుకుని పరీక్ష రాయాలి, కొత్తవాళ్లయినా, నాలాంటివాళ్లయినా. బొగ్గు, ఎండుచేపల పొడి, ఇప్పసారా, రంగు డబ్బాలు ఇవన్నీ నేను చెప్తాను. సెల్లుల పాఠం పైడితల్లిది. ఇవాళ అదీ నేనే చెప్పాను.

ఆ పాఠం వంశధార ఓడతో మొదలవుతుంది. వంశధార బొడ్డవర పొలాల మీద, దిగడానికి తాడు వదులుతున్నప్పుడు మండిపోయింది. ఒక్కరూ మిగల్లేదు. పైడితల్లి విచారణకు వెళ్లి నెల రోజులు బూడిద జల్లెడ పట్టించింది. చివరికి ఒక కుండ పెంకు, దానికి అతుక్కుని కరిగిన సెల్లు డొల్ల దొరికాయి.

అది అస్థికల కుండ. మా రేవుల్లో అప్పటిదాకా ఒక పద్ధతి ఉండేది. అన్ని మూటలకూ ప్రశ్నలు, అస్థికల కుండకు మాత్రం ప్రశ్న లేదు. తనిఖీ చేసేవాళ్లు చెప్పులు విప్పి, దండం పెట్టి, చేతుల మీద తీసుకెళ్లి ఓడలో పెట్టేవారు. ఏడుస్తూ వచ్చినవాళ్లను లోపల ఏముందని అడగడం మర్యాద కాదనుకునేవాళ్లం. ఆ కుండ తెచ్చిన అన్నదమ్ములు, తండ్రి గుండెను అన్నాళ్లు ఆడించినదాన్ని ఆయనతోనే సముద్రంలో కలుపుదామని బూడిదలో పెట్టారు. దీపం తగిలించే ఉంచాలని వాళ్లకు తెలియదని ఇంట్లోవాళ్లు విచారణలో చెప్పారు. అన్నదమ్ములిద్దరూ ఆ ఓడలోనే ఉన్నారు.

పైడితల్లి నివేదికలో వాళ్లను ఒక్క మాట అనలేదు. "అడగవలసింది అడగలేదు" అని రాసింది. అప్పటిదాకా ప్రశ్నలు రెండే. మూడోది ఆమె చేర్చింది. అస్థికల కుండకు కూడా మూడూ అడగాలని పట్టుబట్టింది.

వెనక వరస నుంచి ఒకడు లేచాడు. "ఎలా అడుగుతాం సార్? ఆళ్లు ఏడస్తా ఉంటారు కదా."

ఆమె ఎలా అడిగేదో చెప్పాను. చెప్పులు విప్పేది. కుండ మీద రెండు చేతులూ ఆనించేది. చేతులు తీయకుండా అడిగేది. అడిగాక ఎదుటివాళ్ల మొహం చూడొద్దు, చేతులు చూడండి అనేది. మొహం అందరిదీ ఒకేలా ఉంటుంది అప్పుడు.

ఆమెను జనం ఎన్ని మాటలన్నారో వాళ్లకు చెప్పలేదు. నీకు మొగుడు లేడా, నువ్వు చావవా అన్న ఆడమనిషిని నేనే విన్నాను. ఆ రోజు ఇంటికి వచ్చి పైడితల్లి మామూలుగా అన్నం తింది. చారులో ఉప్పు తక్కువైందంది.


నమోదు 8
ఎండ. గోరువెచ్చన.

పట్నాయక్ గారు నా తరఫున పై ఆఫీసును అడిగారు. సెల్లును దమయంతికి పంపడానికి ఒక్కసారికి అనుమతి ఇవ్వమని, ప్యాకింగు నేనే చేస్తానని, దీపం ఆరకుండా పక్కనే ఒక మనిషి కూర్చుంటాడని అన్నీ చెప్పారు. జవాబు ఇవాళ వచ్చింది. వీల్లేదన్నారు. నిబంధనను ఉన్నదున్నట్టు చదివి వినిపించారు.

"వాడిన సెల్లు ఎంత బాగున్నా, ఎవరిదైనా, ఏ పాత్రలో ఉన్నా గాలిలోకి ఎక్కరాదు."

ఆ వాక్యం పైడితల్లిది. మా వంటింట్లో కూర్చుని రాసింది. "ఎవరిదైనా" అనే మాట అక్కర్లేదు, తీసెయ్యమని నేనన్నాను. ఉండనీ, రేపు ఏ మంత్రిదో వస్తే అప్పుడు పనికొస్తుందంది.

గౌరీశుకు చెప్పాను. సరే మాస్టారూ అన్నాడు. గాలి పడమర నుంచి అన్నాడు.


నమోదు 10
మబ్బు. సెల్లు మామూలుగానే ఉంది. డాక్టరు గారు వచ్చి చూశారు. పైపొర మెత్తగానే ఉందని, ఇంకొన్ని వారాలు ఒంట్లో పెట్టడానికి పనికొస్తుందని అన్నారు. ఎవరికైనా ఇస్తారా అని అడిగారు. కొండ మీద అవసరమైనవాళ్లు ఇప్పుడెవరూ లేరట.

దమయంతి లేచి కూర్చోలేకపోతోందని గౌరీశు చెప్పాడు. నేనడిగితేనే చెప్పాడు. పాలు తాగించాలంటే తల ఎత్తి పట్టుకోవాలట.

"రేవుకెల్లి తాళ్లు కట్టీవోలు సరిగ్గా కడతన్నారో లేదో సూసి రమ్మని నన్ను తరిమేస్తంది మాస్టారూ. కూకుంటే ఊరుకోదు" అన్నాడు. నవ్వబోయి మానుకున్నాడు.

పట్నాయక్ గారు నాతో పాటు రేవు గేటు దాకా నడిచారు. ఆయన ఎప్పుడూ అలా నడవరు. పైడితల్లి అస్థికలు ఎప్పుడు సముద్రంలో కలుపుతారని అడిగారు. ఎల్లుండి గోస్తనీ ఓడలో భీమిలి పంపుదామనుకుంటున్నానన్నాను. దారిలో అది ఎస్.కోటలో ఆగుతుందన్నారు. ఆగుతుందని నాకు తెలుసు. గోస్తనీ వచ్చే రోజు బల్ల దగ్గర జమున ఉంటుందన్నారు. అదీ తెలుసు.

"కుండ పైడితల్లి గారిది. తెచ్చేది మీరు. ఆ పిల్ల మిమ్మల్ని ఏమడుగుతుంది నాయకులు గారూ" అన్నారు. నా మొహం చూడకుండా అన్నారు. గేటు దగ్గర ఆగి, చలి పెరిగిందని చెప్పి వెనక్కి వెళ్లిపోయారు.


నమోదు 11
సెల్లు గోరువెచ్చన.

కట్టాను.

అభ్రకం రేకులు నాలుగు వరసలు చుట్టాను. దాని చుట్టూ ఎండబెట్టిన తెల్లమట్టి. దీపం ఆరకుండా, ఊగకుండా, తీగలు ఒకదానికొకటి తగలకుండా చిన్న చెక్క పెట్టెలో బిగించాను. ఆ పెట్టెను కుండ మధ్యలో పెట్టి చుట్టూ అస్థికలు పోశాను. మూతికి తెల్లగుడ్డ కట్టాను. నా ఉద్యోగంలో దేన్నీ అంత బాగా కట్టలేదు. తిప్పి చూశాను, కుదిపి చూశాను. ఓడ కాలదని నాకు తెలుసు. వంశధారలోకి కుండ ఎక్కించినవాళ్లకు కూడా తెలుసనే అనిపించి ఉంటుంది.

ఎస్.కోటలో కుండను దించి పెట్టె తీసి మళ్లీ ఎక్కించమని గౌరీశుకు చెప్పాను. వైర్‌లెస్‌లో పేరు పెట్టి చెప్పలేదు. అతనికి అర్థమైంది.

"మీకేటైనా అవుతాదేమో మాస్టారూ" అన్నాడు.

ఏమీ కాదన్నాను. జమున అడగదని నాకు నమ్మకంగా ఉంది.


నమోదు 12
ఎండ. గాలి తక్కువ. గోస్తనీ వేళకు వచ్చింది.

బల్ల దగ్గర వరస ఉంది. నేను కుండ పట్టుకుని వరసలోనే నిలబడ్డాను. ముందున్నవాళ్లు పక్కకు జరిగి దారి ఇచ్చారు. గోస్తనీ సిబ్బంది కొందరు కిందికి దిగి నిలబడ్డారు. వాళ్లంతా పైడితల్లి దగ్గర చదువుకున్నవాళ్లే. పట్నాయక్ గారు ఆఫీసు గుమ్మంలో ఉన్నారు.

కుండను బల్ల మీద పెట్టాను. చేతులు తీయలేదు.

జమున చెప్పులు విప్పింది. కుండ మీద రెండు చేతులూ ఆనించింది. కళ్లలో నీళ్లు తిరిగాయి. అలాగే నిలబడిపోయింది. ఇంక చీటీ అంటిస్తుందనుకున్నాను.

"మాస్టారిదే కదమ్మా, కానియ్" అన్నారు పట్నాయక్ గారు గుమ్మంలోంచి.

జమున ఆయన వైపు ఒకసారి చూసింది. కుండ మీద చేతులు తీయలేదు.

"లోపల ఏముంది మాస్టారూ?" అంది.

పైడితల్లి అస్థికలన్నాను.

"ఎవరు కట్టారు?"

నేనే అన్నాను.

తల వంచి మూడోది అడిగింది.

"చెప్పనిది ఇంకేమైనా ఉందా?"

లేదు అనాలి. రాత్రి నుంచీ ఆ మాట అనుకుంటూనే ఉన్నాను. ఇన్నేళ్లలో ఆ బల్ల ఇవతల నిలబడి లేదన్నవాళ్లను ఎంతమందిని చూశానో. జమున నా మొహం చూడటం లేదు. నా చేతులు చూస్తోంది. ఆమె వెనక గోస్తనీ కుర్రాళ్లు టోపీలు తీసి పట్టుకుని నిలబడి ఉన్నారు. వాళ్లు ఈ కుండతో పాటు ఎక్కాలి.

"ఉంది" అన్నాను.

జమున నా మాట విని తల పైకెత్తలేదు. వెంటనే వరసలో ఉన్నవాళ్లను పసుపు గీత అవతలికి పంపింది. గోస్తనీని స్తంభం పైకి జరపమని చేత్తో సైగ చేసింది. ఇసుక పెట్టె తెప్పించింది. కుండను తనే ఇసుకలోకి దించి, గుడ్డ విప్పి, నన్ను పక్కకు జరగమని, పెట్టెను బయటికి తీసింది. దీపం వెలుగుతూనే ఉంది. వేడి చూసింది. మామూలే. అన్నీ నేర్పినట్టే చేసింది. ఒక్క తప్పు లేదు. అంతా అయ్యాక గోడవైపు తిరిగి ఏడ్చింది.

పట్నాయక్ గారు నా లైసెన్సు తీసుకున్నారు. తప్పు తనది కూడా అని పై ఆఫీసుకు చెప్తానన్నారు. వద్దన్నాను. మూట కట్టింది నేను.

గౌరీశుకు కబురు ఎవరు చెప్పారో తెలియదు. నేను చెప్పలేదు.


నమోదు 13
ముసురు. గోరువెచ్చన.

పెట్టె, కుండ నిన్న నాతోనే ఇంటికి వచ్చాయి. లైసెన్సు లేనివాళ్లు సెల్లు ఇంట్లో ఉంచుకోకూడదు. రెండు రోజుల్లో ఇసుక గోతికి ఇవ్వమని కాగితం వచ్చింది.

మధ్యాహ్నం జమున వచ్చింది. వాళ్లమ్మ పంపిన రాగిసంకటి, గోంగూర పచ్చడి తెచ్చింది. బల్ల మీద పెట్టి, దీపం వైపు చూస్తూ నిలబడింది.

"నేను అడక్కుండా ఉండాల్సిందా మాస్టారూ?"

అడిగి మంచి పని చేశావన్నాను.

"మీరు లేదంటే ఒదిలీద్దును. మీ చేతులు చూసినాను. తెలిసిపోయింది. అయినా మీరు లేదంటే చీటీ అంటించీద్దును." కొంచెం ఆగి, "అందుకే నాకు నిద్ర పట్టలేదు" అంది.

సంకటి ఇద్దరం తిన్నాం. వెళ్లేటప్పుడు, ఉత్త అస్థికల కుండ తను మళ్లీ తనిఖీ చేయొచ్చా అని అడిగింది. రేపటి ఓడకు పంపడానికి చెయ్యమని కుండ ఇచ్చాను. గుడ్డ ఆమే కట్టబోయి మానేసి నాకిచ్చింది. కట్టినవాళ్లు తనిఖీ చేయకూడదు కదా. నేను కట్టాను. మూడు ప్రశ్నలూ అక్కడే అడిగింది. మూడోదానికి లేదన్నాను.

వైర్‌లెస్ గదిలోకి వెళ్లడానికి నాకిప్పుడు హక్కు లేదు. పట్నాయక్ గారు తలుపు తీసి తను బయట నిలబడ్డారు.

గౌరీశు గొంతు మామూలుగానే ఉంది. డాక్టరు వారం అన్నారట. అంతకంటే ఎక్కువ చెప్పలేమన్నారట.

"నానే వొస్తాను మాస్టారూ" అన్నాడు. "పాత రైలు పట్టా ఎమ్మట ఎక్కీసి వొస్తాను. మీరు దాన్ని గోతిలో ఎయ్యకండి, అంతే."

మొదట నాకు అర్థం కాలేదు. నడిచి వస్తాననే మాట మా రేవులో ఎవరి నోటా వినలేదు. రైలు ఆగిపోయిన తర్వాత పుట్టినవాళ్లు నాతో పనిచేస్తున్నారు. మాకు దారి అంటే గాలి. సెల్లు ఓడెక్కుతుందా ఎక్కదా అని పై ఆఫీసు దాకా వాదించాం, కుండలో దాచాం, దొరికిపోయాం. కాళ్లు ఉన్న సంగతి ఒక్కరికీ తట్టలేదు. నేల మీద సెల్లు తీసుకెళ్లడానికి నిబంధన కూడా లేదు. నడిచేవాళ్లు లేరు కాబట్టి ఎవరూ రాయలేదు.

నాకు తట్టకపోవడానికి ఇంకో కారణం ఉంది. అది ఇంట్లో వెలుగుతోంది. పొద్దున లేవగానే దానివైపు చూస్తున్నాను. ఓడలో పంపాలంటే ఎవరో ఒకరు కాదంటున్నారు, కాదన్నప్పుడల్లా ఇంకో రోజు అది ఇక్కడే ఉంటోంది.

"ఆవిణ్ని ఎవరు చూస్తారు?" అని అడిగాను.

"మా సెల్లెలు ఉంటాది."

"రావడానికి అయిదు రోజులు, దిగడానికి నాలుగు. డాక్టరు వారం అన్నాడు."

లెక్క అతనికీ తెలుసు. వచ్చేసరికి ఆమె ఉండకపోవచ్చని తెలిసే బయల్దేరతానన్నాడు. ఏదో ఒకటి చెయ్యకుండా ఆ మంచం పక్కన కూర్చోలేక.

"గౌరీశూ, నువ్వు ఆవిడ దగ్గరుండు. ఎక్కడికీ కదలొద్దు. రేవుకు పొమ్మన్నా పోవద్దు. నేను దిగుతాను."

అతను దారి చెప్పడం మొదలుపెట్టాడు.

"పట్టా మీద రెండు సొరంగాలు కూలిపోనాయి మాస్టారూ. పైనుంచి ఎక్కి దాటాల. ఈ వయసులో మీరు..." అని ఆగాడు. తర్వాత మెల్లగా, "శివలింగపురం దిగినాక వోగు ఉంటాది. నీల్లు మోకాల్లోతు ఉంటే దాటండి. అంతకన్నా ఉంటే ఆగండి" అన్నాడు.

సరేనన్నాను.

పట్నాయక్ గారు అన్నీ విన్నారు. రేపు నన్ను రేవులో ఎవరూ వెతకరన్నారు.

డాక్టరు గారి దగ్గరికి వెళ్లి సెల్లును ఒంట్లో పెట్టేముందు చేయవలసినవి రాయించుకున్నాను. ఎస్.కోట డాక్టరుకు ఇవ్వాలి. దీపానికి విడి తీగలు రెండు జతలు, అభ్రకం, పొడి ఇసుక ఒక సంచి సర్దాను. సెల్లు చేయి కాలేంత వేడెక్కితే ఇసుకలో వేసి దూరం జరగాలి, పాఠంలో ఉన్నట్టే. జరుగుతానో లేదో అప్పుడు తెలుస్తుంది. అటుకులు, బెల్లం, గొడుగు. చెప్పులు పనికిరావు, రేవు బూట్లు వేసుకుంటాను.

ఈ సెల్లుకు ఇక్కడి నమోదులు ఇంతటితో ఆఖరు. ఎక్కడికి వెళ్తోందో రాయాలన్నది నిబంధన: ఎస్.కోట, దమయంతికి. తీసుకెళ్తున్నది: బొడ్డేపల్లి జగన్నాయకులు, లైసెన్సు లేదు, కాలినడకన.

రేపు ఉదయం మంచు విడవగానే శిమిలిగుడ స్టేషను దాకా వెళ్లి, అక్కడి నుంచి పట్టా మీద కిందికి నడుస్తాను.